ఫీజు కట్టని సబ్జెక్టు: ఒక డిగ్రీ ఫైనల్ ఇయర్ అమ్మాయి కేసు

ఫిబ్రవరి రెండో వారంలో మ్యాథ్స్ లెక్చరర్ ఒకావిడ రవళిని నా గదికి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. "ఈ పిల్లకు ఎగ్జామ్ ఫియర్ మేడం, కొంచెం ధైర్యం చెప్పండి" అని, క్లాసుకు టైమైందని వెళ్లిపోయారు. ఆ మాట నేనూ నమ్మాను. నాలుగో సారి కూర్చునేదాకా నమ్ముతూనే ఉన్నాను. ఈ కేసు రాయాలనిపించడానికి కారణం ఆ పొరపాటే.

రవళి అసలు పేరు కాదు. ఎవరూ గుర్తుపట్టకుండా ఊరు, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను. రాసుకోవచ్చా అని అడిగితే, "రాసుకోండ్రి మేడం, పేరు మాత్రం మంచిది పెట్టుండ్రి" అంది.

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. వారంలో నాలుగు రోజులు ఒక సైకియాట్రిస్టు దగ్గర క్లినిక్‌లో, రెండు రోజులు జగిత్యాల వైపు ఒక మహిళా డిగ్రీ కాలేజీలో పని చేస్తాను. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉండగా చనిపోయిన అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలని అందులో ఉంది. కౌన్సెలర్‌ను ఎక్కడ కూర్చోబెట్టాలో మాత్రం అందులో లేదు. నాకు ఇచ్చింది పాత ఆన్సర్ షీట్ల కట్టలు పెట్టే గది. పరీక్ష భయంతో వచ్చే పిల్లలు వాటి ఎదురుగానే కూర్చుంటారు. ఒక పాత దుప్పటి తెచ్చి కట్టల మీద కప్పాను.

వచ్చినప్పటి పరిస్థితి

రవళికి ఇరవై ఏళ్లు. బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్, ఆరో సెమిస్టర్. ఇంటర్ దాకా తెలుగు మీడియం, అంతా ప్రభుత్వ విద్యాసంస్థల్లోనే. డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు జరిగే దోస్త్‌లో ఈ కాలేజీలో సీటు వచ్చింది, ఇక్కడ ఇంగ్లిష్ మీడియం. ఊరి నుంచి రోజూ యాభై నిమిషాల బస్సు ప్రయాణం. నాన్న పదకొండేళ్లుగా దుబాయ్‌లో బిల్డింగ్ పనుల్లో ఉన్నాడు, రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుడుతుంది. తమ్ముడు ఇంటర్.

నాలుగైదు నెలలుగా తలనొప్పి, గుండె దడ. రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టదు, పొద్దున లేవలేదు. బస్సు తప్పిపోతుంది, ఆ రోజు కాలేజీ పోతుంది. అటెండెన్స్ 58 శాతానికి పడిపోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ గోళీలు రాసి, బలానికని సూదులు వేశాడు. మేనత్త దిష్టి తీసి, తాయెత్తు తెచ్చి కట్టింది. నా దగ్గరికి వచ్చిన రోజు కూడా అది చేతికి ఉంది, చున్నీ కొంగుతో కప్పుకుంది. నేను దాని గురించి ఏమీ అనలేదు. మేనత్తకు చేతనైంది ఆమె చేసింది.

కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కు 14 వచ్చింది. ఆందోళనను చూసే జీఏడీ-7లో 21కి 13. రెండూ మధ్యస్థమే. అంకెల కంటే నన్ను ఆపింది పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న, అంటే చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించిందా అన్నది. దానికి "కొన్ని రోజులు" అని టిక్కు పెట్టింది. ఇలాంటి చోట చుట్టూ తిప్పి అడగడం వల్ల ఉపయోగం లేదు. నేరుగానే అడిగాను. "పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తది మేడం. ఏమన్న చేసుకుందామని కాదు" అంది. ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన లేదు, ఇంతకుముందు ప్రయత్నమూ లేదు. అయినా ఆ రోజే కూర్చుని ఒక కాగితం మీద రాశాం. ఆ ఆలోచన వస్తే ముందు ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అని. మొదటి పేరు క్లాస్‌మేట్‌ది. రెండోది పెద్దమ్మ కూతురిది. మూడోది టెలి మానస్ 14416. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత నంబర్ అది, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. కాగితం మడిచి ఫోన్ కవర్ వెనక పెట్టుకుంది.

ఆ వారమే సైకియాట్రిస్టుకు చూపించాం. మందులు ఇప్పుడే వద్దు, రెండు వారాలకోసారి చూద్దాం, ముందు రక్తపరీక్ష చేయించండి అన్నారు. థైరాయిడ్ మామూలుగానే ఉంది. హిమోగ్లోబిన్ 9.4. ఆడవాళ్లకు 12 ఉండాలి. దడ, నీరసం, తలనొప్పి అన్నిటినీ నేను మనసు ఖాతాలో రాసుకున్నాను, అందులో కొంత రక్తహీనత వాటా. ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. కాలేజీ పిల్లల్లో ఎవరైనా నీరసం అని వస్తే ముందు ఈ పరీక్షకే పంపాలని ఎప్పుడూ అనుకుంటాను, కానీ కుర్చీలో కూర్చోగానే కథ వినడంలో పడిపోతాను.

నేను తప్పుగా అర్థం చేసుకున్నది

రవళికి ఒక బ్యాక్‌లాగ్ ఉంది. మూడో సెమిస్టర్ మ్యాథ్స్ పేపర్, రియల్ అనాలిసిస్. థియరీ 80 మార్కులకు 32 వస్తే పాస్. మొదటిసారి 19, రెండోసారి 28. ఆ తర్వాత రాయలేదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. "అన్నీ అయిపోయినయ్" అని చెప్పింది.

నాకు లెక్క సరిపోయినట్టే అనిపించింది. తెలుగు మీడియం పిల్ల, కష్టమైన సబ్జెక్టు, రెండుసార్లు ఫెయిల్, భయం, తప్పించుకోవడం, తప్పించుకునే కొద్దీ ఇంకా భయం. పుస్తకంలో బొమ్మ గీసినట్టుంది. కాబట్టి పుస్తకంలో ఉన్న మందే ఇచ్చాను. శ్వాస వ్యాయామం. నిద్రకు వేళలు. రోజుకు నలభై నిమిషాలు రియల్ అనాలిసిస్, వారానికి ఒక యూనిట్, గళ్లు గీసిన టైమ్ టేబుల్.

రెండు వారాల తర్వాత టైమ్ టేబుల్ మడత నలగకుండా తిరిగొచ్చింది. ఒక్క గడిలోనూ టిక్కు లేదు. నాకు కొంచెం చిరాకు వచ్చిందని ఒప్పుకోవాలి. నలభై నిమిషాలు ఎక్కువేమో అని ఇరవై చేశాను. ఇరవై కూడా కాలేదు. చిత్రమేమిటంటే మిగతా సబ్జెక్టులు చదువుతోంది. స్టాటిస్టిక్స్ ఇంటర్నల్స్‌లో 20కి 17 తెచ్చుకుంది. కంప్యూటర్ ల్యాబ్ రికార్డు పూర్తి చేసింది. భయం ఉన్నవాళ్లకు అన్ని పరీక్షలూ ఎంతో కొంత భయమే. ఈ అమ్మాయికి ఒక్క సబ్జెక్టు దగ్గరే చెయ్యి కదలడం లేదు. ఆ తేడా నా ముందే ఉంది, నేను చూడలేదు.

నోట్‌బుక్

నాలుగోసారి వచ్చేటప్పుడు రియల్ అనాలిసిస్ నోట్‌బుక్ తెమ్మన్నాను. ఎక్కడ ఆగిపోతోందో చూద్దామని.

లాంగ్ నోట్‌బుక్, బ్రౌన్ అట్ట. మధ్యలో అక్కడక్కడా ఆర్టీసీ జీరో టికెట్లు గుర్తులుగా పెట్టి ఉన్నాయి. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు వచ్చాక ఆధార్ చూపిస్తే ఇచ్చే టికెట్లు. సీక్వెన్స్ లిమిట్ నిర్వచనం, అంటే ఒక వరుసలోని సంఖ్యలు ఒక విలువకు దగ్గరవడం అంటే ఏమిటో చెప్పేది, ఇంగ్లిష్‌లో రాసి ఉంది. మళ్లీ రాసి ఉంది. పేజీ తిప్పితే మళ్లీ. లెక్కపెట్టాను, పద్నాలుగు సార్లు. ఒక్క అక్షరం తేడా లేదు, ఒక్క లెక్కా చేయలేదు. ఇంకొంచెం ముందుకు తిప్పితే ఒక కాగితం పొట్లం. విప్పితే రెండు రెండొందల నోట్లు, ఒక యాభై.

"ఇదేంటమ్మా?"

"ఫీజు పైసలు మేడం."

"దేని ఫీజు?"

"గీ సబ్జెక్టుదే. మొన్న నవంబర్‌ల ఎగ్జామ్ ఫీజు అని చెప్పి అమ్మ దగ్గర తీసుకున్న."

"కట్టలేదా?"

"మర్చిపోయిన" అంది. కాసేపు తాయెత్తు దారం తిప్పుకుంటూ కూర్చుని, "మర్చిపోలే" అంది.

"కడితే ఏమయ్యేది?"

"రాయాలె."

"రాస్తే?"

"పాసైతనేమో. నాలుగు మార్కులే గదా తక్కువైనయ్."

"పాసైతే?"

"డిగ్రీ అయిపోతది."

"అయిపోతే?"

అక్కడ ఏడ్చింది. ముగ్గురు అమ్మాయిలు తలుపు దగ్గరికి వచ్చి చూసి వెళ్లారు. మంచినీళ్ల సీసా ఇచ్చి ఊరుకున్నాను.

ఆ తర్వాత చెప్పింది. మే నెలలో నాన్న నలభై ఐదు రోజుల సెలవు మీద వస్తున్నాడు. సంబంధం చూసి పెట్టారు. అబ్బాయి హైదరాబాద్‌లో ప్రైవేట్ ఉద్యోగం. వాళ్లు అడిగింది ఒక్కటే, పిల్ల డిగ్రీ పాసై ఉండాలి. మూడేళ్ల కింద రవళి డిగ్రీలో చేరతానన్నప్పుడు నాన్న పెట్టిన షరతు కూడా అదే, డిగ్రీ అయ్యేదాకా పెళ్లి మాట ఎత్తను, అయ్యాక నువ్వు కాదనొద్దు. ఇద్దరూ మాటకు కట్టుబడ్డారు. నాన్న మూడేళ్లు ఎత్తలేదు.

అంటే ఆ ఒక్క సబ్జెక్టు ఆమెకు సిగ్గు, అదే ఆమెకు అడ్డు కూడా. బయటపడితే పరువు పోతుంది. అయిపోతే పెళ్లి వస్తుంది. ఎవరికీ తెలియకుండా చివరి నిమిషం దాకా అట్టిపెట్టుకుంటే, పీటల మీద కూర్చోబెట్టే ముందు "నాకింకా డిగ్రీ కాలేదు" అని ఒక మాట చెప్పడానికి ఉంటుంది. ఇలా కూర్చుని ప్లాన్ వేసుకుంది అనడం లేదు. అడిగితే కాదంటుంది, నిజంగానే కాదు. తెలిసీ తెలియకుండా చెయ్యి ఆగిపోయింది, అంతే. నేను కూడా "అంటే నువ్వు కావాలనే ఫీజు కట్టలేదన్నమాట" అని అనకుండా జాగ్రత్తపడ్డాను. ఆ వయసు పిల్లకు ఆ మాట అంటే సగం నిజమే అయినా పూర్తి నింద అవుతుంది. "ఈ పైసలు ఇక్కడుంటే నీకు కొంచెం నెమ్మది అనిపిస్తుందా?" అని మాత్రం అడిగాను. తల ఊపింది.

టైమ్ టేబుల్ ఎందుకు పనిచేయలేదో అప్పుడు తెలిసింది. ఆమె ఏ తలుపు మూసి పట్టుకుందో ఆ తలుపునే నేను బయటి నుంచి తోస్తున్నాను. నేను ఎంత తోస్తే ఆమె అంత గట్టిగా పట్టుకోవాలి. ఆ నాలుగు వారాల్లో దడ తగ్గకపోగా పెరిగిందని ఆమే చెప్పింది, నేనే విని కూడా వేరే చోట రాసుకున్నాను.

ఏం కావాలి?

తర్వాతి రెండు సార్లు చదువు మాట ఎత్తలేదు. నీకు ఏం కావాలి అన్నదే మాట్లాడాం. దీనికి జవాబు రావడం నేననుకున్నంత తేలిక కాలేదు. మొదట "ఏమో మేడం" అంది. తర్వాత "పెళ్లి వద్దు" అంది. ఇంకొంచెం మాట్లాడితే అదీ కాదు. అబ్బాయి మీద కోపం లేదు, ఫొటో చూసింది, "మంచిగనే ఉన్నడు" అంది. అసలు భయం పెద్దమ్మ కూతురిని చూసి వచ్చింది. ఆ అక్క డిగ్రీ అవ్వగానే పెళ్లయింది. "పెళ్లయినంక చదివిస్తం" అన్నారు. బీఈడీ ఎంట్రెన్స్ పుస్తకాలు ఇప్పటికీ పుట్టింటి అటక మీద, కట్టిన తాడు కూడా విప్పకుండా ఉన్నాయి. రవళి దసరాకు ఇల్లు దులిపేటప్పుడు ఆ కట్ట కింద పడి దుమ్ము రేగిందట. తలనొప్పి మొదలైంది ఆ రోజుల్లోనే అని తేదీలు సరిచూసుకుంటే తేలింది. దీన్ని నేను పెద్ద ఆధారంగా చెప్పను. ఆమె మాత్రం ఆ రోజును మర్చిపోలేదు.

చివరికి తేలింది ఒక వాక్యం. "సీపీగెట్ రాసి ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సీటు వస్తదో రాదో చూస్కుంట. ఒక్క సంవత్సరం ఆగుండ్రి." సీపీగెట్ అంటే పీజీ సీట్లకు ఎంట్రెన్స్. ఆ వాక్యాన్ని ఆమే రాసుకుంది, నేను పదాలు మార్చలేదు.

వరుస విషయంలో మా ఇద్దరికీ తేడా వచ్చింది. ముందు పెళ్లి విషయం చెప్పి, బ్యాక్‌లాగ్ సంగతి తర్వాత చూసుకుందామని ఆమె. ముందు బ్యాక్‌లాగే చెప్పాలని నేను. అబద్ధం ఒకటి కింద దాచిపెట్టి పైన నిజం అడిగితే, రేపు అది బయటపడిన రోజు రెండూ అబద్ధమే అయిపోతాయి. ఒక వారం ఆలోచించుకుని వచ్చి సరే అంది. అమ్మకు చెప్పే మాటలు నా గదిలో మూడుసార్లు అనుకున్నాం. నేను అమ్మను. మొదటిసారి నేను మరీ కఠినంగా ఉన్నానట. "మా అమ్మ గట్ల మాట్లాడది మేడం" అని నన్ను దిద్దింది. ఆ వారాల్లో ఆమె నవ్వింది అప్పుడే.

అమ్మ

చెప్పిన రెండో రోజు అమ్మ నేరుగా కాలేజీకి వచ్చింది. ఇంట్లో ఏం జరిగిందో రవళి తర్వాత చెప్పింది. తునికాకు కత్తిరిస్తున్న అమ్మ ఎదురుగా కూర్చుని, ఒక సబ్జెక్టు పోయిందని చెప్పేసింది. అమ్మ కత్తెర ఆపకుండానే "ఒక్కటేనా? నేను మూడు నాలుగు పోయినయేమో అనుకున్న" అందట. పిల్ల రాత్రుళ్లు మేలుకోవడం, అన్నం దగ్గర కెలుకుతూ కూర్చోవడం చూసి ఏదో పోయిందని సంక్రాంతి నుంచే అనుమానపడుతోందట. ఏడాదిన్నర మోసిన గుట్టు రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఎప్పుడూ ఇలా జరగదు. తన్నులు తిన్న పిల్లలూ నా దగ్గరికి వచ్చారు. అందుకే ఎవరికైనా "ఇంట్లో చెప్పెయ్యి, ఏం కాదు" అని నేను అనను. ఈ అమ్మ గురించి మాత్రం రవళి చెప్పిన తీరులోనే కొంత ధీమా ఉంది.

నా ఎదురుగా కూర్చున్న అమ్మకు నలభై రెండేళ్లుంటాయి. బొటనవేలు, చూపుడువేలు కొసలు కాయలు కాసి గీతలు అరిగిపోయాయి, చీరకు తంబాకు వాసన. ముందు నన్ను అడిగింది, "మా బిడ్డ నీకు ఏమేం చెప్పింది మేడం?" అని. రవళి మేజర్. ఆమె చెప్పింది ఆమె అనుమతి లేకుండా నేను చెప్పకూడదు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టమూ ఆ గోప్యతను హక్కుగానే చెప్తుంది. చట్టం పేరు తీయలేదు గానీ, "ఆమెనే అడగండమ్మా, ఇక్కడే కూర్చుని చెప్తుంది" అన్నాను. ముఖం కొంచెం ముడుచుకుంది. తల్లిని నేను, నాకు చెప్పవా అన్నట్టు చూసింది. నిద్ర పట్టకపోవడం, రక్తం తక్కువగా ఉండటం, ఐరన్ మాత్రలు, ఈ మూడూ చెప్పడానికి రవళి ముందే ఒప్పుకుంది కాబట్టి చెప్పాను.

తర్వాత రవళి లోపలికొచ్చి సంవత్సరం ఆగాలన్న మాట చెప్పింది. బ్యాక్‌లాగ్ సంగతి విన్నప్పుడు తడబడని అమ్మ చేతులు ఇప్పుడు కొంగు నలిపాయి. "వాళ్ల బాపుకు ఎవలు చెప్తరు? మీరే చెప్పుండ్రి మేడం" అంది. నేను చెప్పనన్నాను, ఆమే చెప్తుంది, కావాలంటే పక్కన కూర్చుంటాను అన్నాను. ఇందులో నా స్వార్థమూ ఉంది. నేను చెప్తే ఆ ఇంట్లో అది "కాలేజీ మేడం నూరిపోసింది" అవుతుంది. అది ఒకసారి నాకు జరిగింది కూడా.

బోటిమ్ కాల్

దుబాయ్‌లో మామూలు వాట్సాప్ కాల్స్ కలవవు, అక్కడివాళ్లు బోటిమ్ అనే యాప్‌లో మాట్లాడతారు. నాన్నకు ఆదివారం సెలవు. మార్చి చివరి ఆదివారం పొద్దున పది గంటలకు, అక్కడ ఎనిమిదిన్నర, తల్లీకూతుళ్లు క్లినిక్‌కు వచ్చారు. ఫోన్‌ను నీళ్ల జగ్గుకు ఆనించి పెట్టారు. రూములో ఒకదాని మీద ఒకటి మంచాలు, వెనక ఎవరో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఆయన బయటికి మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాడు.

బ్యాక్‌లాగ్ అమ్మ ముందే చెప్పి ఉంచింది. రవళి తన వాక్యం చెప్పింది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. లైన్ కట్ అయిందనుకున్నాం. తర్వాత నన్ను చూసి మాట్లాడాడు.

"మేడం, నాకు యాభై రెండేండ్లు. మోకాళ్లు పనిజేస్తలేవు. వీసా ఇంకెన్నిసార్లు రినీవల్ అయితదో తెల్వది. చెయ్యాడుతున్నప్పుడే పిల్లకు చెయ్యాలె గదా. వచ్చే ఏడాది నేను ఇంటికాడ కూసుంటే కల్యాణలక్ష్మి లక్షా నూటపదహార్లతోని పెండ్లి అయితదా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. పిల్లల ఆశలు వింటూ వింటూ తల్లిదండ్రులను అడ్డుగోడలుగా చూడటం మా వృత్తిలో సులభంగా వచ్చే జబ్బు. ఆయన గోడ కాదు. పదకొండేళ్లుగా ఒక లెక్క వేసుకుని దాని ప్రకారం బతుకుతున్న మనిషి, ఇప్పుడు ఆ లెక్క చివరి వరుసలో అంకె మార్చమంటున్నాం. "మీరు చెప్పింది నిజమేనండి" అన్నాను, అంతకంటే ఏమీ అనలేదు.

ఇంతలో నిజంగానే కట్ అయింది. మళ్లీ కలిసినప్పుడు కెమెరా ఆపేసి ఉంది, గొంతు ఒక్కటే వచ్చింది.

"ఎన్ని మార్కులు తక్కువైనయ్ బిడ్డా?"

"నాలుగు బాపు."

"నాలుగు మార్కులకు ఏడాదిన్నర పండుకోకుంట ఉన్నవా? మంచిగ తిని పండుకో. ముందుగాల అది రాయి. మిగిలింది నేను వచ్చినంక మాట్లాడుదాం."

ఒప్పుకున్నాడని కాదు, కాదన్నాడనీ కాదు. బయటికి వెళ్తూ అమ్మ, "గింత నెమ్మదిగ ఎన్నడు మాట్లాడలే" అంది. కెమెరా ఎందుకు ఆపాడో మేమెవరం మాట్లాడుకోలేదు.

అవధి

ఆ తర్వాత చదువు పని త్వరగానే సాగింది. ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఆరో సెమిస్టర్ రెగ్యులర్‌తో పాటే మూడో సెమిస్టర్ బ్యాక్‌లాగ్ కూడా. ఫైన్ లేని గడువులోనే పొట్లంలో ఉన్న నోట్లతోనే ఫీజు కట్టి రసీదు తెచ్చి చూపించింది.

నన్ను ఆకట్టుకుంది మ్యాథ్స్ లెక్చరర్ చేసిన పని. ఆ పద్నాలుగు సార్లు రాసిన నిర్వచనం చూపించి, పిల్ల ఎక్కడ ఆగిందో నాకర్థం కావట్లేదని ఆవిడను అడిగాను. ఆవిడ రవళిని పిలిచి ఇంగ్లిష్ పక్కన పెట్టేసి, "ఎప్సిలాన్ అంటే నేను పెట్టే పరీక్ష. ఎంత చిన్న దూరం ఇస్తే అంత లోపలికి వచ్చి చూపియ్యాలె. ఒక చోటు దాటినంక వరుసల ఉన్న పదాలన్నీ, అంటే సంఖ్యలన్నీ, ఆ దూరం లోపలనే ఉండాలె, ఒక్కటి గూడ బయటికి పోవద్దు. ఇది ఇంటర్‌ల నువ్వు చదివిన అవధే" అన్నారు. రవళి నోరు తెరిచింది. "అవధులు, అవిచ్ఛిన్నత, గదే చాప్టరా మేడం?" అని అడిగింది. ఇంటర్‌లో తెలుగులో ఆ పాఠానికి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. లిమిట్ అన్నా అవధి అన్నా ఒకటే అని మాటగా తెలుసు, కానీ ఈ సీక్వెన్స్ పాఠాన్ని ఆ పాఠంతో ఎప్పుడూ కలిపి చూసుకోలేదు. సీక్వెన్స్ అనుక్రమం అయింది, కంటిన్యుటీ అవిచ్ఛిన్నత అయింది. వారం తిరిగేసరికి నోట్‌బుక్‌లో ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లిష్.

నాలుగు యూనిట్లూ చదవొద్దని ఆవిడే చెప్పారు. సీక్వెన్సులు, కంటిన్యుటీ గట్టిగా, మీన్ వాల్యూ థియరమ్స్ ఓ మోస్తరుగా, రీమాన్ ఇంటిగ్రల్‌లో రెండు మూడు ప్రశ్నలు. పాత పేపర్లు ఐదు. కాలేజీ అయ్యాక ఇంకో ఇద్దరు బ్యాక్‌లాగ్ అమ్మాయిలతో కలిసి ఒక గంట, ఆ తర్వాతి బస్సుకు ఇంటికి. సాయంత్రం బీడీల పనిలో ఆమె సాయం రెండు నెలలు మానిపించింది అమ్మ. ఆ మేరకు రోజు కూలి తగ్గింది. ఇలాంటి ఖర్చు ఏ కేస్ షీట్‌లోనూ రాసుకునే గడి ఉండదు.

నా పని తగ్గింది. నిద్ర వేళలు ఇప్పుడు పాటించింది. శ్వాస వ్యాయామం ఎప్పుడూ నచ్చలేదు, మానేసింది, నేనూ పట్టుబట్టలేదు. పీహెచ్‌క్యూ ఏప్రిల్ మధ్యలో 11, మే మొదటి వారంలో 7. తొమ్మిదో ప్రశ్నకు సున్నా. హిమోగ్లోబిన్ 10.8.

మే, ఆ తర్వాత

నాన్న పరీక్షలకు ముందే వచ్చాడు. సంబంధం వాళ్లతో మాట్లాడాడు. ఏడాది ఆగలేమన్నారు, ఇంకో పిల్లను చూసుకున్నారు. ఇంట్లో మూడు రోజులు ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. మేనత్త మాత్రం మాట్లాడింది, చాలా. ఆ మూడు రోజుల్లో రవళి రెండుసార్లు ఫోన్ చేసింది. "నా వల్లనే పోయింది మేడం, బాపు ముఖం చూస్తే భయమైతుంది" అని. పీహెచ్‌క్యూ ఆ వారం చూస్తే మళ్లీ పైకి వెళ్లేదే, నేను చూడలేదు. ఫోన్ కవర్ వెనక కాగితం ఉందా అని అడిగాను. ఉందంది. నాలుగో రోజు పొద్దున నాన్నే బండి మీద పరీక్ష సెంటర్‌కు దింపాడు. దారిలో ఏం మాట్లాడలేదట. గేటు దగ్గర హాల్ టికెట్ తెచ్చుకున్నావా అని అడిగాడట.

జూన్ మూడో వారంలో ఆయన తిరిగి వెళ్లాడు. పెళ్లి మాట వచ్చే సెలవుకు అన్నాడు. అది ఎప్పుడో, ఉంటుందో లేదో ఆయనకే తెలియదు.

ఫలితాలు జులైలో వచ్చాయి. రియల్ అనాలిసిస్ 41. అన్నీ క్లియర్. మెసేజ్‌లో మార్కులు మాత్రమే పంపింది, ఎమోజీ ఏమీ లేదు. తర్వాతి వారం మెమో కోసం కాలేజీకి వచ్చి నా గదికీ వచ్చింది. తాయెత్తు ఇంకా ఉంది, ఈసారి కప్పుకోలేదు. పెళ్లి ఆగింది కదా, హాయిగా ఉందా అని అడిగితే, "కొంచెం" అంది. సీపీగెట్‌లో సీటు రాకపోతే ఇంట్లో ఏమంటారో అని ఇప్పుడు దిగులట. రాత్రి పన్నెండు దాకా నిద్ర రావడం లేదు. పీహెచ్‌క్యూ 6, జీఏడీ 8.

కేసు మూయలేదు. ఆగస్టు మొదటి మంగళవారం రమ్మన్నాను. ఇప్పుడు కాలేజీ ఐడీ లేదు కాబట్టి గేటు దగ్గర వాచ్‌మన్‌కు నా పేరు చెప్పమన్నాను.